విదేశీ మిషన్ ఆసుపత్రిలో 8 వారాల సేవ: బయలుదేరేలోపు ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న అడిగినవారు: ఎనిమిదివారాలు

అందరికీ వందనాలు. వచ్చే వేసవిలో మా సంఘం తరఫున ఇద్దరం ఆఫ్రికాలో, సహారాకు దిగువనున్న ఒక దేశంలోని మిషన్ ఆసుపత్రికి వెళ్తున్నాం. పట్నానికి దూరంగా, 100 పడకలున్న చోటు. ఒకరు రిజిస్టర్డ్ నర్సు, మెడికల్ వార్డులో మూడేళ్ల అనుభవం. రెండోవారికి వైద్యం తెలీదు, ఎలక్ట్రికల్ డిప్లొమా ఉంది. చేతిలో ఇంకా 7 నెలలున్నాయి.

పంపే సంస్థ ఇచ్చిన కాగితంలో పాస్‌పోర్టు, టీకాలు, దోమతెర, సిద్ధమైన మనసు అని నాలుగు మాటలే ఉన్నాయి. మనసు సంగతి మేం చూసుకుంటాం, మిగతావి మీరు చెప్పండి.

నర్సుకు అక్కడి లైసెన్సు వేరే కావాలా? టూరిస్టు వీసా మీద సేవ చేయొచ్చా? టీకాలు ఏ వరసలో వేయించుకోవాలి, మలేరియా మాత్రల్లో ఏది మేలు? సంఘంలోవాళ్లు మందులు పోగుచేస్తున్నారు, ఇప్పటికే రెండు అట్టపెట్టెలు నిండాయి, పట్టుకెళ్లొచ్చా? నర్సు కాని మనిషికి అక్కడ నిజంగా పనుంటుందా, లేక ఫొటోల్లో నిలబడటమేనా?


జవాబు: కాగితాలపెట్టె

టికెట్లు అప్పుడే కొనకండి. ముందు ఒక ఉత్తరం రావాలి. పంపే సంస్థ నుంచి కాదు, ఆసుపత్రి నుంచే. మీరు ఏ విభాగంలో, ఎవరి కింద, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పనిచేస్తారు, ఏ పనులు చేయొచ్చు, ఏవి చేయకూడదు అని అందులో రాసుండాలి. తాత్కాలిక రిజిస్ట్రేషన్‌కైనా వీసాకైనా మొదట అడిగేది ఈ ఉత్తరాన్నే. "రండి, వచ్చాక చూద్దాం" అనే ఆసుపత్రిలో మీకు పని దొరకదు, మిమ్మల్ని చూసుకోవడమే వాళ్లకు పనవుతుంది.

లైసెన్సు వేరే కావాలి. మీ నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ సరిహద్దు దాటితే చెల్లదు. తక్కువ కాలానికి వచ్చేవాళ్ల కోసం చాలా దేశాల్లో తాత్కాలిక రిజిస్ట్రేషన్ అని ఒక దారి ఉంటుంది. డిగ్రీ, మార్కుల పత్రాల నోటరీ కాపీలు, చెల్లుబాటులో ఉన్న రిజిస్ట్రేషన్, పోలీసు క్లియరెన్సు, గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ (మీ మీద చర్యలేవీ లేవని మీ కౌన్సిల్ ఇచ్చే పత్రం), ఇవీ మామూలుగా అడిగేవి. చిక్కంతా ఈ ఆఖరిదాంతోనే. కొన్ని కౌన్సిళ్లు దాన్ని మీ చేతి నుంచి తీసుకోవు, మీ కౌన్సిల్ నుంచి నేరుగా తమకే రావాలంటాయి. పైగా దాని ఆయుష్షు 3 నెలలో 6 నెలలో. ఇవాళే తెప్పించుకుంటే బయలుదేరేనాటికి గడువు దాటిపోవచ్చు, మరీ ఆలస్యం చేస్తే సమయానికి అందదు. మీ లెక్కలో అయితే ప్రయాణానికి నాలుగైదు నెలల ముందు దరఖాస్తు పెట్టండి.

పత్రాలు వెనక్కి రావడానికి మామూలు కారణం పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, డిగ్రీలో పొడి అక్షరం, రిజిస్ట్రేషన్‌లో పెళ్లి తర్వాత మారిన పేరు. మూడూ ఒకే మనిషివని అఫిడవిట్ ఒకటి ఇప్పుడే చేయించుకోండి. అపోస్టిల్ ముద్ర (పత్రం అసలైనదేనని ఇంకో దేశం ఒప్పుకునే ముద్ర) కావాలంటే రెండు దేశాలూ 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉండాలి. ఏ ఒక్కటి లేకపోయినా రాయబార కార్యాలయం ముద్రలు తప్పవు, దానికి ఇంకో నెల కలుపుకోండి.

వీసా సంగతి. జీతం తీసుకోకపోతే అది పని కాదనుకోవడం పొరపాటు. చాలా దేశాల్లో అధికారులు చూసేది జీతాన్ని కాదు, చేసే పనిని. టూరిస్టు వీసా మీద వార్డులో దొరికిపోతే జరిమానా, తిరుగు విమానం మీకు. తనిఖీలు, మాటపడటం ఆసుపత్రికి. ఇమిగ్రేషన్ దగ్గర "చూడటానికి వచ్చాం" అని చెప్పమని సలహా ఇచ్చే సంస్థతో అసలు వెళ్లకండి. చర్చి పేరు మీద అబద్ధమాడించే సంస్థ మిగతా విషయాల్లో నిజం చెబుతుందని నమ్మకమేముంది?

బీమాలు రెండు కావాలి. ఒకటి మీకు జబ్బు చేస్తే చూసేది, విమానంలో వేరే దేశానికి తరలించే ఖర్చుతో సహా. రెండోది రోగికి మీ చేతి మీదుగా నష్టం జరిగితే చూసే వృత్తి బాధ్యత బీమా. ఇంటి దగ్గర ఉన్న రెండో రకం పాలసీ విదేశంలో పనికి వర్తిస్తుందో లేదో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోన్లో "ఉంటుందండీ" అంటే లెక్కలోకి రాదు.

ఇంకొకటి. మీకు వేసవి అంటే అక్కడ వేసవి అనుకోకండి. చాలాచోట్ల జూన్, జులై అంటే వానలు. ఆసుపత్రికి దారి తెగుతుందా, ఆ నెలల్లో మలేరియా కేసులు పెరుగుతాయా అని ముందే అడగండి. అలాగే ఈ ప్రశ్న తప్పకుండా వేయండి: "మేం రాకపోతే ఈ పని ఎవరు చేస్తారు?" అక్కడి నర్సింగ్ విద్యార్థి అని జవాబొస్తే మీ పని మార్పించుకోండి. ఆ అనుభవం దక్కాల్సింది ఆ విద్యార్థికి.


జవాబు: టీకాకార్డు

7 నెలలు సరిగ్గా సరిపోతాయి, హెపటైటిస్ బి ఈ వారమే మొదలుపెడితే. 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. చివరి డోసు పడ్డాక నెల, రెండు నెలల మధ్య యాంటీబాడీ పరీక్ష చేయించాలి. మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు, ఆపైన వస్తే రక్షణ ఉన్నట్టు. నర్సుకు ఎప్పుడో వేసుంటారు, వాళ్లు పరీక్ష ఒక్కటి చూసుకుంటే చాలు. అందరూ మరచిపోయేది రెండోవారిని. రక్తం పీల్చిన సక్షన్ మెషిన్ విప్పేది ఎవరనుకున్నారు? టైమ్ లేనివాళ్లకు 0, 7, 21 రోజుల పద్ధతి ఉంది, దానికి ఏడాదికి నాలుగో డోసు వేయించుకోవాలి.

ఎల్లో ఫీవర్ ఒకే డోసు. దాని సర్టిఫికెట్ 10 రోజుల తర్వాతే చెల్లుతుంది, కాబట్టి విమానం ఎక్కే వారంలో వేయించుకుంటే సరిహద్దు దగ్గర ఆపేస్తారు. 2016 జులై నుంచి ఆ సర్టిఫికెట్ జీవితకాలం చెల్లుతుంది, పాత పసుపు పుస్తకంలో పదేళ్ల గడువు రాసున్నా సరే. ఇది బతికున్న వైరస్ టీకా. 60 దాటినవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు, థైమస్ గ్రంథి జబ్బు ఉన్నవాళ్లు, గుడ్డు తింటే ఒళ్లంతా ఎలర్జీ వచ్చేవాళ్లు డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) కూడా కావాల్సి ఉంటే రెండూ ఒకేరోజు వేయించుకోండి, లేదా మధ్యలో 4 వారాలు ఉంచండి.

మిగతావి తేలిక. హెపటైటిస్ ఏ ఒక డోసు ఇప్పుడు, రెండోది 6 నెలలు దాటాక. టైఫాయిడ్ ఇంజెక్షన్ కనీసం 2 వారాల ముందు. రేబిస్ ముందస్తుగా 0, 7 రోజుల్లో రెండు డోసులు. కుక్క కరిస్తే అప్పుడు చూద్దాం అనుకుంటారేమో. టీకా ముందే వేసుకోనివాళ్లకు గాయం చుట్టూ ఎక్కించే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి, మారుమూల ఆసుపత్రిలో అది దొరకడం కష్టం. ముందే రెండు డోసులు పడ్డవాళ్లకు దాని అవసరమే ఉండదు, కరిచాక బూస్టర్లు చాలు.

మలేరియా మాత్రలు మూడు రకాలు. అటోవాక్వోన్-ప్రొగ్వానిల్ రోజూ, చేరడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలు, వచ్చాక 7 రోజులు. డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజూ, అదే మొదలు, కానీ వచ్చాక 4 వారాలు. మెఫ్లోక్విన్ 250 మి.గ్రా. వారానికొకటి, కనీసం రెండు వారాల ముందు మొదలు, వచ్చాక 4 వారాలు. మెఫ్లోక్విన్ కొందరికి పీడకలలు, ఆందోళన, తలతిరుగుడు తెస్తుంది. మానసిక సమస్యలు, మూర్ఛ ఉన్నవాళ్లు దాని జోలికే వెళ్లకూడదు. నర్సు పనికి నా ఓటు మొదటిదానికే, ఖరీదు ఎక్కువైనా. డాక్సీ చవక, బాగానే పనిచేస్తుంది, కానీ మనిషిని బట్టి. రాత్రి పడుకునే ముందు గుక్కెడు నీళ్లతో మింగి వాలిపోతే మాత్ర అన్నవాహికలోనే అతుక్కుని పుండు చేస్తుంది. పెద్ద గ్లాసు నీళ్లతో మింగి అరగంటైనా నిటారుగా ఉండాలి. ఎండకు చర్మం కమిలిపోతుంది. ఐరన్ మాత్రలు, యాంటాసిడ్లు దగ్గరదగ్గరగా వేసుకుంటే ఒంటబట్టదు. గర్భిణులకు పనికిరాదు.

ఎక్కువమంది పొరపడేది తిరిగొచ్చాక. ఇంటికొచ్చిన మూడోరోజే మాత్రలు ఆపేస్తారు. కాలేయంలో దాక్కున్న పరాన్నజీవి రక్తంలోకి దిగేది ఆ తర్వాతే.


జవాబు: మందులగది

ఆ రెండు పెట్టెలూ ఇక్కడే వదిలెయ్యండి. నొచ్చుకుంటారని తెలుసు, కానీ ఇంకెలా చెప్పాలో తెలీడం లేదు.

మందుల దానానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996 నుంచి మార్గదర్శకాలు ఇస్తూ వస్తోంది. సారాంశం: అవతలివాళ్లు అడిగిన మందే పంపాలి, ఆ దేశపు ముఖ్యమైన మందుల జాబితాలో ఉండాలి, పెట్టె మీద జెనరిక్ పేరు ఉండాలి, చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలుండాలి, ఎవరికో ఇచ్చి తిరిగొచ్చినవి, ఉచిత శాంపిళ్లు పనికిరావు. ఇళ్లలో పోగుచేసిన పెట్టె ఇందులో ఒక్క పరీక్ష కూడా నెగ్గదు. సగం వాడిన స్ట్రిప్పులు, ఒక్కో బ్రాండు, ఒక్కో మోతాదు. కస్టమ్స్‌లో ఆగితే వాటిని విడిపించే పని ఆసుపత్రి మీద పడుతుంది. ఆగకపోతే ఇంకా కష్టం, వేరుచేయడానికి ఫార్మసిస్టుకు రోజులు పడుతుంది, మిగిలిన చెత్తను సరిగ్గా కాల్చాలంటే 850 డిగ్రీలు దాటే రెండు గదుల కొలిమి కావాలి.

ప్రమాదం ఎక్కడుందో ఒక్క ఉదాహరణ. 10 కిలోల బిడ్డకు పారాసెటమాల్ కిలోకు 15 చొప్పున 150 మి.గ్రా. ఆసుపత్రిలో ఉన్న సిరప్ 5 మి.లీ.కు 125 మి.గ్రా. అనుకోండి, 6 మి.లీ. పోయాలి. అక్కడి నర్సులకు ఈ 6 చేతికి అలవాటైపోయి ఉంటుంది. మీరు తెచ్చిన సీసా 5 మి.లీ.కు 250. అదే చేత్తో అదే 6 మి.లీ. పోస్తే 300 మి.గ్రా. వెళ్తుంది. రోజుకు నాలుగుసార్లు, మూడు రోజులు అలాగే సాగితే కాలేయం మీద పడే దెబ్బ దయతో తెచ్చిన మందు వల్లే కదా.

సంఘానికి ఇవ్వాలని ఉంటే ఆ ఆసుపత్రి ఫార్మసీని అడిగి, ఏది తక్కువగా ఉందో దానికి డబ్బు పంపండి. వాళ్లు కొనే చోట వాళ్లే కొంటారు.

మీ సొంత మందులు వేరే విషయం. 8 వారాలకు సరిపడా, ఇంకో రెండు వారాలు ఎక్కువ, అసలు పెట్టెల్లోనే, ప్రిస్క్రిప్షన్‌తో, చేతిసంచిలో. ట్రామడాల్, కోడీన్, నిద్రమాత్రలు, ఏడీహెచ్‌డీ మందుల్లో ఏదైనా ఉంటే ఆ దేశంలోనే కాదు, మధ్యలో విమానం మారే దేశంలోనూ అనుమతి చూసుకోండి. కొన్నిచోట్ల మామూలు నొప్పి మాత్రకే జైలు.


ఎనిమిదివారాలు:

పెట్టెల సంగతి సంఘంలో ఎలా చెప్పాలో ఆలోచించుకోవాలి, అయినా అర్థమైంది. రెండు అనుబంధ ప్రశ్నలు. ఆసుపత్రిలో మూడు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు (గాలిలోంచి ఆక్సిజన్ తీసే మెషిన్లు), ఒక ఆటోక్లేవ్ (ఆవిరితో పనిముట్లను శుద్ధిచేసేది) పనిచేయడం లేదట, చూడగలరా అని ఉత్తరం వచ్చింది. అలాగే ఊళ్లలో ఒకరోజు బీపీ, కళ్ల క్యాంపులు ఉంటాయట, నర్సును అందులో వేస్తామంటున్నారు.


జవాబు: ఫ్యూజుపోయింది

ఫొటోలో నిలబడే పని కాదండీ, దొరికిందే అసలు పని. పేద, మధ్య ఆదాయ దేశాల ఆసుపత్రుల జాబితాలు కలిపి లక్షా పన్నెండు వేల పరికరాలు లెక్కేసిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది, 38.3 శాతం పనిచేయడం లేదని తేలింది. వాటిలో చాలావాటికి కావాల్సింది కొత్త బోర్డు కాదు, ఫ్యూజు, ప్లగ్గు, ఫిల్టరు.

వెళ్లకముందే ప్రతి మెషిన్‌కూ నేమ్‌ప్లేట్ ఫొటో తెప్పించుకోండి. వోల్టేజి, ఫ్రీక్వెన్సీ, మోడల్ నంబరు, సీరియల్ నంబరు కనబడాలి. సర్వీస్ మాన్యువల్ ఇక్కడే దించుకుని ఫోన్లో పెట్టుకోండి, అక్కడి నెట్‌ను నమ్ముకోవద్దు.

కాన్సన్‌ట్రేటర్ ప్లేటు మీద 115 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటే రోగం దాదాపు దొరికినట్టే. అక్కడి కరెంటు 220-240 వోల్టులు, 50 హెర్ట్జ్ అయ్యుంటుంది. ఎవరో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడిపిస్తుంటారు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి మారుస్తుంది, ఫ్రీక్వెన్సీ మార్చదు. 60కి కట్టిన మోటారు 50 మీద ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. కంప్రెసర్ తోసే గాలి తగ్గుతుంది, ఆక్సిజన్ శుద్ధత పడిపోతుంది, మోటారు వేడెక్కుతుంది. ఆ మెషిన్‌ను బాగుచేస్తూ కూర్చోవద్దు. పక్కన పెట్టించి, పనికొచ్చే భాగాలు 50 హెర్ట్జ్ మెషిన్ కోసం తీసుకోండి.

ఫ్రీక్వెన్సీ సరిగ్గానే ఉంటే ముందు ఫిల్టరు. వెనకవైపు స్పాంజి ఫిల్టరు దుమ్ముతో అట్టకట్టి ఉంటుంది. సబ్బునీళ్లలో ఉతికి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. తడితో పెడితే ఆ తేమ గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసే లోపలి జియోలైట్ గుళికల్ని పాడుచేస్తుంది, వాటిని మార్చడం చవక కాదు. ఈ ఉతకడం వారానికోసారి జరగాలి. లోపలుండే బ్యాక్టీరియా ఫిల్టరును ఉతక్కూడదు, మార్చాలి.

తర్వాత లీకు. 5 లీటర్ల మెషిన్‌ను 2 లీటర్ల మీద పెట్టి, రోగి వైపు గొట్టం కొసను వేళ్లతో గట్టిగా నొక్కిపట్టండి. ఫ్లోమీటర్లో బంతి కిందికి పడిపోవాలి. పడకుండా అక్కడే తేలుతుంటే గాలి మధ్యలో ఎక్కడో పోతోంది, పదింట తొమ్మిదిసార్లు తేమసీసా మూత దగ్గరే. మూత ఒక పట్టు వంకరగా బిగుస్తుంది, చూడటానికి సరిగ్గానే కనబడుతుంది. అటు ఫ్లోమీటర్ 2 చూపిస్తుంటే ఇటు బిడ్డ ముక్కులోకి ఏమీ వెళ్లకపోవచ్చు. ఆక్సిజన్ ఎనలైజర్ ఒకటి పట్టుకెళ్లగలిగితే పట్టుకెళ్లండి. 82 శాతం కంటే తక్కువొస్తే రోగికి పెట్టకూడదు.

గోడ సాకెట్లను కూడా నమ్మొద్దు. మల్టీమీటర్‌తో ఫేజ్-న్యూట్రల్, ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడూ కొలవండి. ఆఖరిది ఒకటి రెండు వోల్టులు దాటి ఎగబాకుతుంటే ఎక్కడో న్యూట్రల్ వదులైంది. మూడు ఫేజుల లైన్లో న్యూట్రల్ ఊడితే కొన్ని సాకెట్లకు 300 పైన వస్తుంది, ఆ రాత్రి మానిటర్లన్నీ ఒకేసారి పోతాయి. జనరేటర్‌కు మార్చే స్విచ్ దగ్గర ముందు చూడండి.

ఆటోక్లేవ్ ప్రెషర్ కుక్కర్ తరహాదైతే ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: "ప్రెషర్ వస్తోంది, కానీ పొట్లాలు సరిగ్గా అవడం లేదు." లోపలి గాలి పూర్తిగా పోకముందే వాల్వు మూసేస్తున్నారన్నమాట. గేజి 15 పౌండ్లు (చదరపు అంగుళానికి) చూపిస్తుంది కానీ గాలి కలిసిన ఆవిరి 121 డిగ్రీలు చేరదు. ఆవిరి ధారగా, తెంపు లేకుండా వచ్చేదాకా వాల్వు తెరిచే ఉంచాలి. చుట్టిన పొట్లాలకు 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు, లెక్క వేడి అందుకున్నాకే మొదలు. ఆసుపత్రి కొండమీద ఉంటే ఇంకో మెలిక ఉంది. గేజి చుట్టుపక్కల గాలితో పోల్చి కొలుస్తుంది కాబట్టి 2,000 మీటర్ల ఎత్తులో అదే 121 డిగ్రీలకు దాదాపు 18 పౌండ్లు కావాలి. పొట్లం మీద టేపు చారలు నల్లబడితే అది వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది, శుద్ధి అయిందని కాదు. లోపల పెట్టే ఇండికేటర్ స్ట్రిప్పులు వేరు. తడిగా బయటికొచ్చిన పొట్లం శుద్ధి కానట్టే లెక్క.

ఎక్స్‌రే, ఎనస్తీషియా మెషిన్లు శిక్షణ లేకుండా విప్పొద్దు. ఎక్స్‌రే కెపాసిటర్లలో ప్లగ్గు పీకేశాక కూడా చంపేంత చార్జి ఉంటుంది. ఏ మెషిన్ ముట్టుకున్నా అక్కడి టెక్నీషియన్ చేతనే స్క్రూలు తిప్పించండి, ఏం చేశారో పుస్తకంలో రాయించండి. 8 వారాల తర్వాత ఫిల్టరు ఉతికేది ఆ మనిషే.


జవాబు: రెండోషిఫ్టు

నర్సు కోసం. మొదటి వారం చేతులు కట్టుకుని అక్కడి నర్సు వెనక నడవండి. మందుల చార్టు ఎలా రాస్తారు, పొడి మందు ఎంత నీటితో కలుపుతారు, రాత్రి ఎవరిని లేపాలి, ఇవి తెలిసేదాకా సొంతంగా ఇంజెక్షన్ ఇవ్వొద్దు. ఇంటి దగ్గర చేయని పని అక్కడ చేయొద్దు. "ఇక్కడ ఎవరూ లేరు కదా, కాన్పు మీరే చేసేయండి" అని ఎవరన్నా సరే.

సూది గుచ్చుకోవడం గురించి వెళ్లిన రోజే మాట్లాడండి. పెప్ మాత్రలు (గుచ్చుకున్నాక హెచ్‌ఐవీ సోకకుండా వేసుకునేవి) ఏ అలమరాలో ఉన్నాయి, రాత్రి 2 గంటలకు తాళం ఎవరి దగ్గర ఉంటుంది? గుచ్చుకోగానే సబ్బుతో, పారే నీటితో కడగాలి. పిండటం, బ్లీచ్ పోయడం వద్దు. పెప్ గంటల్లో మొదలుకావాలి, 72 గంటలు దాటితే ఉపయోగం లేదు, మొత్తం 28 రోజులు. హెచ్‌ఐవీ ఉన్న రక్తం సూదితో గుచ్చుకుంటే సోకే అవకాశం వెయ్యికి 3. హెపటైటిస్ బి టీకా లేనివాళ్లకు నూటికి 30 దాకా వెళ్తుంది. పైన టీకాల గురించి ఎందుకంత గట్టిగా చెప్పారో ఇప్పుడర్థమవుతుంది. ఎక్కువ గుచ్చుకునేది మూడుచోట్ల: సూదికి మూత తిరిగి పెడుతున్నప్పుడు, నిండిపోయిన డబ్బాలోకి కుక్కుతున్నప్పుడు, కరెంటు పోయినప్పుడు. డబ్బా ముప్పావు నిండగానే మూసేయాలి. తలకు కట్టుకునే లైటు మీ సంచిలో మొదటి వస్తువు కావాలి.

క్షయ కోసం ఎన్‌95 మాస్కులు మీ ముఖానికి సరిపోయే సైజు, మోడల్ ఇక్కడే పరీక్షించుకుని తీసుకెళ్లండి. గడ్డం ఉంటే ఏ ఎన్‌95 అయినా అలంకారమే.

బీపీ క్యాంపుకి కఫ్‌లు మూడు సైజులు కావాలి. లోపలి గాలితిత్తి జబ్బ చుట్టుకొలతలో 80 శాతం చుట్టాలి. లావు జబ్బకు చిన్న కఫ్ కడితే లేని బీపీ కనబడుతుంది. మనిషి 5 నిమిషాలు కూర్చున్నాక, వీపు ఆనించి, చేయి గుండె ఎత్తులో, మాట్లాడకుండా, నిమిషం తేడాతో రెండుసార్లు. ఎండలో రెండు గంటలు నడిచొచ్చి లైన్లో నిలబడ్డ మనిషికి వెంటనే కొలిచి 150 వచ్చిందని మాత్రలిచ్చే క్యాంపులే ఎక్కువ. అసలు తప్పు ఇంకోటి: 30 రోజుల మాత్రలిచ్చి వెళ్లిపోవడం. 31వ రోజున ఎవరిస్తారు? ఆసుపత్రిలో ఫాలోఅప్ పుస్తకంలో పేరెక్కించే ఏర్పాటు లేకపోతే బీపీ క్యాంపు పెట్టొద్దని చెప్పే ధైర్యం ఉండాలి.

కళ్ల క్యాంపు అలా కాదు, చేసిందానికి అప్పటికప్పుడే ఫలితముంటుంది. ముందు దూరపు చూపు, ఒక్కో కన్నూ విడిగా, 6 మీటర్ల నుంచి. 6/12 గీత చదవలేకపోతే సన్నని రంధ్రమున్న అట్టముక్క లోంచి చూపించండి. రంధ్రంలోంచి మెరుగైతే అద్దాల సమస్య, మెరుగవకపోతే శుక్లమో మరేదో, ఆసుపత్రికి పంపాలి. దూరం బాగుండి దగ్గర కనబడనివాళ్లకే రీడింగ్ గ్లాసులు: 40 నుంచి 44 ఏళ్లకు +1.00, తర్వాత ఐదేళ్లకో అర చొప్పున పెంచుతూ 55 దాటితే +2.50 దగ్గర మొదలుపెట్టి, 40 సెంటీమీటర్ల దూరంలో చదివించి సరిచూడాలి. బియ్యంలో రాళ్లేరేవాళ్లకు, సూదిలో దారం ఎక్కించేవాళ్లకు అక్షరాల చార్టు కన్నా దారం, సూది ఇచ్చి చూడటం మేలు. +2.00, +2.50 మిగతావాటికి రెట్టింపు తీసుకెళ్లండి, ముందు అయిపోయేవి అవే.

దుబాసీతో మాట్లాడేటప్పుడు రోగి ముఖం చూసి మాట్లాడండి, ఒక్కోసారి ఒకే వాక్యం. చెప్పిందంతా అయ్యాక "అర్థమైందా?" అనొద్దు, అందరూ అవుననే అంటారు. "ఇంటికెళ్లాక ఈ మందు ఎలా వేసుకుంటారో చూపించండి" అనండి. తల్లి జబ్బు గురించి కొడుకు చేత చెప్పించొద్దు.


జవాబు: గుమ్మందగ్గర

ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. ప్రార్థన. మిషన్ ఆసుపత్రి కాబట్టి చాప్లిన్ (ఆసుపత్రి పాస్టరు) ఉంటారు, ఉదయం ప్రార్థన ఉంటుంది, అందులో మొహమాటమేమీ లేదు. కానీ మంచం మీద సెలైన్ ఎక్కుతున్న మనిషి మీ ముందు "వద్దు" అనలేడు. కాబట్టి చికిత్స చేసిన చేత్తోనే వెంటనే ప్రార్థన అడగొద్దు. వాళ్లడిగితే చాప్లిన్‌ను పిలవండి, ఆయనకు భాష వచ్చు, కుటుంబం తెలుసు. అద్దాల లైన్లో ముందు వాక్యం, తర్వాత అద్దాలు అనే పద్ధతి అసలే వద్దు. రెడ్‌క్రాస్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థలు 1994లో రాసుకున్న ప్రవర్తనా నియమావళి మూడో నియమం ఇదే, సాయాన్ని మతానికో రాజకీయానికో పనిముట్టు చేయకూడదని. అందులో సంతకం చేసిన చర్చి సంస్థలు కూడా ఉన్నాయి.

ఫొటోల విషయంలో మీ సంఘానికి ముందే చెప్పేయండి, రోగుల ముఖాలు రావని. అడిగితే ఒప్పుకుంటారు, మందిచ్చే మనిషి అడిగాడు కాబట్టి.


జవాబు: కాగితాలపెట్టె

గుమ్మందగ్గర గారి మాటతో ఏకీభవిస్తాను, ఒక్క సవరణ. ఉదయం ప్రార్థనకు రావడం సిబ్బందికి తప్పనిసరా అని కూడా ముందే అడిగి తెలుసుకోండి. కొన్నిచోట్ల షిఫ్టు అప్పగింత అక్కడే జరుగుతుంది, రాకపోతే రాత్రి ఏం జరిగిందో తెలీదు.


ఎనిమిదివారాలు:

అందరికీ ధన్యవాదాలు. హెపటైటిస్ మొదటి డోసు రెండోవారికి నిన్న పడింది. నేమ్‌ప్లేట్ ఫొటోలు అడిగాం, మూడింట రెండు 60 హెర్ట్జ్‌వే. చివరగా ఒకటి: తిరిగొచ్చాక ఏమైనా పరీక్షలు చేయించుకోవాలా?


జవాబు: టీకాకార్డు

రెండింట్లో ట్రాన్స్‌ఫార్మర్ కథే అన్నమాట.

క్షయ పరీక్ష బయలుదేరే ముందు ఒకటి, వచ్చాక 8 నుంచి 10 వారాలకు ఒకటి. ముందుది లేకపోతే వెనకదానికి అర్థం ఉండదు. చర్మం మీద చేసే పరీక్ష అయితే ఎంఎంఆర్ వేసిన రోజే చేయించండి, లేదంటే 4 వారాలు ఆగాలి, లేకపోతే తప్పుడు నెగటివ్ రావచ్చు. చెరువులోనో సరస్సులోనో దిగితే షిస్టోసోమియాసిస్ (మంచినీళ్ల నుంచి చర్మంలోకి దూరే పురుగుల జబ్బు) రక్తపరీక్ష, దిగిన 12 వారాల తర్వాత. ముందే చేయిస్తే దొరకకపోవచ్చు.

జ్వరం వస్తే ఆ రోజే మలేరియా పరీక్ష, మాత్రలు క్రమం తప్పకుండా వేసుకున్నా సరే. మొదటి పరీక్షలో లేదని వస్తే 12 నుంచి 24 గంటల తేడాతో ఇంకో రెండుసార్లు. ప్రాణాంతకమైన ఫాల్సిపేరం రకం మలేరియా ఎక్కువగా మూడు నెలల్లోపు బయటపడుతుంది, వైవాక్స్ రకం ఏడాది దాటాక కూడా రావచ్చు. డాక్టర్ దగ్గర కూర్చోగానే మొదటి వాక్యం "జ్వరంగా ఉంది" కాకూడదు, "ఫలానా దేశం నుంచి ఫలానా తేదీన వచ్చాను, జ్వరంగా ఉంది" అనాలి.